దేవుడు నొచ్చుకున్న కథ

గార్లదిన్నెలో రోడ్డు పక్కనున్న చిన్న చర్చికి నల్లప్ప పాస్టరు. వయసులో ఉండగా బెంగళూరులో పాస్టరు చదువు చదువుతూ హీబ్రూ నేర్చుకున్నాడు. తోటివాళ్లు పరీక్ష కాగానే దాన్ని మరిచిపోయారు. ఆయన మాత్రం వదల్లేదు. యూదుల పాత గ్రంథాలను వాళ్ల అక్షరాల్లోనే చదువుకోకపోతే ఆయనకు పొద్దుపోయేది కాదు. కానీ ఊళ్లో ఆ సంగతులు వినేదెవరు? ఆదివారం వచ్చేవాళ్లకు వాన కోసం ప్రార్థన చేస్తే చాలు.

విన్నవాడు ఒక్కడే, నూర్ అహమ్మద్. చర్చికి ఎదురుగా బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు అతనిది. చిన్నప్పుడు మదరసాలో కొంచెం అరబ్బీ చదివాడు. ఒకరోజు నల్లప్ప పైకి చదువుతుంటే విని లోపలికొచ్చాడు.

“అన్నా, ఇల్లును బయిత్ అంటాండావే, మా అరబ్బీలో గూడా బైతే!”

అప్పటినుంచి సాయంత్రం కరెంటు పోతే చాలు, ఇద్దరూ చర్చి అరుగు మీద చేరేవారు. నల్లప్ప చదివి తెలుగులో చెప్పేవాడు. ఆ పాత కథల్లో దేవుడు చల్లపూట తోటలో నడుస్తాడు. మనుషులు కట్టే గోపురాన్ని చూడటానికి కిందికి దిగొస్తాడు. నూర్ అడ్డు ప్రశ్నలు వేస్తూ నవ్వుతూ వినేవాడు.

జలప్రళయం కథ చదివిన రోజు చర్చి పెద్దలు కూడా వచ్చి కూర్చున్నారు. మనుషుల్ని ఎందుకు పుట్టించానా అని పశ్చాత్తాపపడి దేవుడు నొచ్చుకున్నాడని నల్లప్ప చెప్పాడు.

నూర్ మొహం మారింది. “అదెట్లన్నా? తప్పు చేసినోడు కదా నొచ్చుకునేది. ముందర జరిగేది తెలీకనే చేసినాడా?”

పెద్దలు నల్లప్ప వైపు చూశారు. జవాబు తెలీదని వాళ్ల ముందు ఒప్పుకోవడం ఆయనకు చిన్నతనమనిపించింది.

“మోటార్లు చుట్టేటోనికి ఇవన్నీ యాడ తలకెక్కుతాయప్పా?” అన్నాడు.

పెద్దలు నవ్వారు. నూర్ లేచి చెప్పులేసుకుని, “వస్తానన్నా” అని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ అరుగెక్కలేదు.

రేపు పోయి మాట్లాడదామనుకున్నాడు నల్లప్ప. దాటాల్సింది రోడ్డే. రోజూ అనుకుంటూనే ఉన్నాడు, దాటలేదు. ఈలోగా బోర్లు ఒకటొకటే ఎండిపోయాయి. మోటార్లు రావడం తగ్గింది. నూర్ షాపు మూసేసి కళ్యాణదుర్గంలో కూతురు ఆసియా దగ్గరికి చేరాడు. పోయేటప్పుడు చెప్పి పోలేదు.

మొన్న వేసవిలో, ఎన్నోసార్లు చదివిన యూదుల మొదటి రాజు కథ దగ్గర నల్లప్ప ఆగిపోయాడు. ఆ రాజును ఎంచినందుకు దేవుడు నొచ్చుకున్నాడని ఉంది. అదే అధ్యాయంలో ప్రవక్త, నొచ్చుకోవడానికి దేవుడు మనిషి కాడంటాడు. రాసినవాళ్లు రెండు మాటల్నీ అట్లాగే ఉంచేశారు. నూర్ అడిగింది వాళ్లనూ వేధించిన ప్రశ్నే! మరునాడే కళ్యాణదుర్గం బస్సెక్కాడు.

నూర్ మర్యాదగా కుర్చీ వేశాడు. ఆసియా టీ తెచ్చింది.

“ఆ పొద్దు నువ్వడిగింది సరైన మాట నూరూ. జవాబు తెలీక నిన్ను తక్కువ చేసి మాట్లాడినా. మనసులో పెట్టుకోవద్దప్పా,” అన్నాడు నల్లప్ప.

“అయ్యో, దాందేముండాది సార్. యాపొద్దో మరిచిపోయినా.”

ఎప్పుడూ అన్నా అని పిలిచేవాడు సార్ అనడం నల్లప్పకు గుచ్చుకుంది. అయినా సంచిలో చెయ్యిపెట్టాడు. “ఆ కథ తెచ్చినా. చదివేదా?”

“వద్దు సార్. ఇప్పుడు ఆ ధ్యాస లేదు. టీ సల్లారిపోతాండాది, తాగండి.”

నొచ్చుకోవడానికీ ఊరట పొందడానికీ హీబ్రూలో ఒకే మాట ఉందని చెప్పాలని నల్లప్ప దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. అది చెప్పనేలేదు.

నూర్ బస్టాండుదాకా తోడొచ్చాడు. కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టిపెట్టాడు. బస్సు కదిలేదాకా నిలబడి చెయ్యి ఊపాడు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.