మిరప కల్లంలో ఒంటి తుమ్ము

మొన్న గుంటూరులో ఒక పెళ్ళి చూసుకుని ఒంగోలు తిరిగి వస్తుంటే, దారిలో ఒక కోల్డ్ స్టోరేజీ పక్కన డ్రైవరు టీ కోసం కారు ఆపాడు. కాళ్ళు సాగదీద్దామని దిగాను. గోడకి తుప్పు పట్టిన ఇనప రింగు ఒకటి కనిపించింది. దానికి ఎవరో కాటా వేలాడదీశారు. "ఒకప్పుడు దీన్లో బంతులు వేసేవాళ్ళు బాబూ" అన్నాను. "ఎందుకమ్మా?" అన్నాడు. ఎందుకు వేసేవాళ్ళో ఆడినవాళ్ళకే సరిగా తెలియదు. ఆడించినవాళ్ళకీ తెలియదు. బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాసిన నాకైతే అసలే తెలియదు.

మా బాబాయి మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల, నోట్లో బైబిలు వాక్యం, ఈ రెండూ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బాస్కెట్‌బాల్‌కి ఒక కొత్త లీగు మొదలైంది. ఊరికో జట్టు, ఆటగాళ్ళకి నెల జీతం. మా మిర్చి వ్యాపారుల్లో ఒక షావుకారు గారు మన జిల్లా నుంచీ ఒక జట్టు ఉండి తీరాలన్నారు. "కబడ్డీ లాంటిదేగా మాస్టారూ, కాకపోతే బంతి ఉంటుంది" అని బాబాయిని కోచ్‌గా పిలిచారు. బాబాయి పద్దెనిమిదేళ్ళ ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి వచ్చేశాడు. పిన్ని వారం రోజులపాటు అన్నం పెట్టింది గానీ పలకలేదు. అప్పుడు నేను ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. లెక్కలు వచ్చినవాళ్ళకి స్కోరు రాయడం రాకపోతుందా అని బాబాయి నన్నూ లాగాడు. రాకపోతుందని మొదటి రోజే తెలిసింది. ఫౌళ్ళన్నీ పాయింట్ల గళ్ళల్లో రాసి, ఆడటానికి ముందే మా జట్టుని గెలిపించినంత పనిచేశాను.

తికమక నాకొక్కదానికే కాదు. బాబాయికి వచ్చిన ఆటలో రెండు సగాలుండేవి. కొత్త లీగులో నాలుగు ముక్కలు చేశారు. మొదటి ముక్క అవగానే మావాళ్ళు సగం ఆట అయిపోయిందనుకుని మజ్జిగ బిందె దగ్గరికి పోయి, తీరిగ్గా గోడకి చేరబడేవాళ్ళు. అవతలి జట్టు నిలబడి చూసేది. షావుకారు గారు ప్రతి ఈలకీ లేచి "ఎవడిదిరా తప్పు?" అని అడిగేవారు. మనదని చెబితే రిఫరీ మీద కోపం, వాళ్ళదని చెబితే రిఫరీకి మజ్జిగ. వేరే ఊళ్ళలో ఆడిన ఆటలన్నీ ఓడాం. ఎందుకు ఓడామో బాబాయి బస్సులో వచ్చేటప్పుడు చెప్పేవాడు, దిగేసరికి మాకు ఇంకా అయోమయంగా ఉండేది.

ఇక మా సొంత కోర్టు. మిరపకాయలు ఆరబోసే సిమెంటు కల్లంలో సగం ఖాళీ చేయించి, గోడలకి రెండు రింగులు కొట్టించి, అదే కోర్టు అన్నారు షావుకారు గారు. మిగతా సగంలో కాయలు టార్పాలిన్ పట్టాల కింద ఉండేవి. ఎన్ని బిందెల నీళ్ళు పోసి కడిగినా ఆ గచ్చులోంచి ఘాటు పోలేదు. బంతి కింద పడ్డప్పుడల్లా ముక్కులు మండించే కోరు లేచేది. వచ్చిన జట్లు కళ్ళు తుడుచుకోవడానికే సరిపోయేవి. ఈ కల్లంలో మనల్ని కొట్టేవాడే లేడని షావుకారు గారి ధీమా. ఆయన మరిచిపోయిందేమిటంటే, మావాళ్ళకి ఘాటు అలవాటే గానీ, తుమ్ము పట్టింపు కూడా అంతే అలవాటు. పనికి బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినపడితే ఆగాల్సిందే. రెండో తుమ్ము పడితే దోషం పోతుంది, అప్పుడు కదలొచ్చు.

అవతలివాళ్ళు తప్పు చేస్తే, ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి రింగులోకి బంతి వెయ్యనిస్తారు. బంతి చేతికొచ్చాక ఐదు సెకన్లలో వెయ్యాలి, లేకపోతే అది పోయినట్టే. మా కెప్టెన్ పత్తి చేలు చేసే ఇంటి పిల్లాడు, చెయ్యి బంగారం. గీత దగ్గర నిలబడితే వందకి తొంభై పడేవి. కానీ జనంలో ఎవరైనా ఒక్కసారి తుమ్మితే బంతి పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. రిఫరీ ఈల వేసేవాడు. "ఒరేయ్, తుమ్ముకీ రింగుకీ ఏంట్రా సంబంధం? ప్రభువా అనుకుని వేసెయ్!" అని బాబాయి అరిచేవాడు. "మా అమ్మ ఒప్పుకోదండి మాస్టారూ" అనేవాడు. అక్కడ లేని అమ్మ ముందు బాబాయి ఏం చేయగలడు?

చివరి ఆటకి ముందు రోజు షావుకారు గారు బాబాయిని పక్కకి పిలిచారు. "మాస్టారూ, ఇక్కడ మా వాళ్ళ ముందు ఒక్కటంటే ఒక్కటి గెలిపించండి. గెలిస్తే సరుకు ఇంకోచోట పోసుకుంటా, వచ్చే ఏడూ జట్టు ఉంటుంది. లేదంటే ఎల్లుండి నుంచి నా కల్లం నాకు కావాలి." బాబాయి సరేనన్నాడు. ఇంటికొచ్చి ప్రార్థన చాలాసేపు చేశాడు. స్కూల్లో ఆయన చోట అప్పటికే ఇంకొకాయన చేరిపోయాడని నాకు తెలుసు.

ఆ రోజు ఆట ఎలా సాగిందో నన్నడక్కండి. ఆఖర్లో రెండు సెకన్లు మిగిలి, మేం ఒక్క పాయింటు వెనక ఉన్నామని మాత్రం నా పుస్తకం చెప్పింది, అదీ నేను మూడుసార్లు కూడాక. కెప్టెన్‌కి రెండు బంతులు ఇచ్చారు. షావుకారు గారు లేచి వెనక్కి తిరిగి, "ఎవడైనా తుమ్మాడో, తాట తీస్తా!" అన్నారు. మూడు వందల మంది ముక్కులు మూసుకున్నారు. నేనూ చున్నీ అడ్డం పెట్టుకున్నాను. మొదటి బంతి పడింది. సమానం. ఆ సంబరంలో ఎవరో గంతేసి, పట్టా మీద పడ్డారు. ఎర్రటి దుమ్ము నా బల్ల మీదికే వచ్చింది. ఊపిరి బిగబట్టాను. కెప్టెన్ రెండో బంతి అందుకుని మోకాళ్ళు వంచాడు. అప్పుడు తుమ్మాను.

ఒక్కటే తుమ్ము. అతని చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నా వైపే చూశాడు. రెండో తుమ్ము కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. ముక్కు నలిపాను, మిరప దుమ్ము వేలికి అద్దుకుని మరీ పీల్చాను. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి గానీ తుమ్ము రాలేదు. ఉత్తుత్తి తుమ్మయినా తుమ్మొచ్చు కదా! అది తట్టేసరికి ఈల మోగింది.

సమానమైతే ఇంకో ఐదు నిమిషాలు ఆడాలట. "సమానమైపోయాక మళ్ళీ ఆట ఏంటయ్యా?" అని షావుకారు గారు అడుగుతూనే ఉన్నారు, ఆ ఐదు నిమిషాల్లో మేం ఓడిపోయాం. బాబాయి బంతులన్నీ గోనెసంచిలో సర్దుతూ, "ఎవరో తుమ్మారమ్మా, లేకపోతే వేసేవాడే" అన్నాడు నాతో. నేను పుస్తకంలో తలదూర్చాను. కెప్టెన్ మాత్రం వెళ్ళేటప్పుడు నా పక్కన ఆగి, మెల్లిగా, "ఇంకొక్కటి తుమ్మితే సరిపోయేది కదక్కా" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు, మంచివాడు.

అన్నట్టే మర్నాటికి కల్లం నిండా కాయలు పోశారు. బాబాయి పొన్నూరులో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో సగం జీతానికి చేరి, రిటైరయ్యేదాకా పిల్లల చేత డ్రిల్లు చేయించాడు. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేదాన్ని. ఈసారి చెప్పేద్దామని బయల్దేరేదాన్ని, వచ్చే ఏడు చెప్పొచ్చులే అని తిరిగి వచ్చేదాన్ని. చెబితే నవ్వేసేవాడేమో, బాధపడేవాడేమో, నాకిప్పటికీ అర్థం కాదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నా విషయంలో అది చేసిందల్లా, చెప్పుకోవాల్సిన ఒక్క మనిషినీ తీసుకుపోయి, చెప్పాల్సిన మాటని నా దగ్గరే ఉంచడం.