పచ్చచుక్కలు లేని బొమ్మ

అద్దంకికి ఆరు మైళ్ల దూరంలో, మిరపచేల నడుమ ఉన్న ఊళ్లో కోటేశ్వరి పదమూడేళ్లుగా అంగన్‌వాడీ ఆయా. టీచరు నెలలో సగం రోజులు మీటింగులంటూ వచ్చేది కాదు. వంటా ఊడ్పూ అయ్యాక పిల్లలకు అంకెలు నేర్పేదీ కోటేశ్వరే. ఆ టీచరు రిటైరయ్యే ఏడు వస్తుండగా సూపర్వైజరమ్మ చెప్పింది: "టెన్త్ పాసై ఉంటే ఆ పోస్టుకి నీ పేరే రాసేదాన్ని."

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో కోటేశ్వరి ఓపెన్ టెన్త్ కట్టింది.

"ఈ వయసులో పుస్తకాలేందే? సెంటర్లో చూసి రాయిస్తారంట గదా, పోయి కూర్చుంటే సరి," అన్నాడు మొగుడు బుల్లయ్య.

"రేపు పిల్లలకు చెప్పాల్సినదాన్ని, చూసి రాస్తానా?" అని కసిరింది.

తెలుగూ లెక్కలూ ఎలాగో లొంగాయి. సైన్సులో కణం దగ్గర మాత్రం బుర్ర మొరాయించింది. కంటికి కనపడనిదాన్ని ఎలా నమ్మడం? ఒక మధ్యాహ్నం సిగ్గు చంపుకుని, పక్కనున్న హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే నజ్మీన్ టీచర్ని అడిగింది.

నజ్మీన్ నవ్వలేదు. ఒక ఉల్లిపాయ తెమ్మంది. లోపలి పల్చటి పొరను గోటితో లాగి, గాజుపలక మీద నీటిచుక్కలో పరిచి, ఎర్రరంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కోటేశ్వరి కన్ను ఆనించి చాలాసేపు తీయలేదు.

"గోడ కట్టినట్టుందండీ! ఇటుక పక్కన ఇటుక."

"ఒక్కో ఇటుకా ఒక్కో కణం. చుట్టూ ఉన్న గీత కణకవచం. లోపల ముదురు చుక్క కనపడిందా?"

"ఆఁ. మధ్యలో లేదు, ఓ పక్కకి ఒదిగుంది."

"అది కేంద్రకం. మధ్యలో రిక్తిక అని నీళ్లసంచి లాంటిది ఉంటుంది. అదే దాన్ని పక్కకు నెట్టింది."

"మరి పుస్తకం బొమ్మలో పచ్చచుక్కలున్నాయి?"

"అవి హరితరేణువులు. ఎండలో ఆహారం తయారుచేసే ఆకుల్లో ఉంటాయి. మట్టిలో ఉండే ఉల్లిగడ్డకు వాటితో పనేముంది?"

ఆ రాత్రి కూరకు ఉల్లిపాయలు తరుగుతూ కోటేశ్వరి తనలో తనే నవ్వుకుంది.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. ఉల్లిపొర కణం బొమ్మ గీసి భాగాలు గుర్తించమని. తను చూసింది చూసినట్టు గీసింది: పొడవాటి ఇటుక, పక్కకు ఒదిగిన కేంద్రకం. పేర్లు రాస్తుండగా గదిలో డ్యూటీ మాస్టారు బల్లబల్లకీ జవాబుల జిరాక్సు చీటీలు పంచుతూ వచ్చాడు.

"నాకొద్దండీ."

"ఉంచుకోమ్మా, మళ్లీ నీకు ప్రత్యేకంగా చెప్పాలా?" అని ఆమె అట్ట కింద దోపి వెళ్లాడు.

ఐదు నిమిషాల్లో స్క్వాడ్ దిగింది. చీటీ దొరికిన పదకొండు మందినీ నిలబెట్టారు. కోటేశ్వరి పేపరు కూడా లాక్కున్నారు.

"సార్, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి," అంది ఆమె, స్క్వాడ్ ఆఫీసరు చేతిలోని చీటీలో బొమ్మ చూసి. "చీటీలో ఉన్నది ఆకు కణమండీ, ఆ చుక్కలన్నీ హరితరేణువులు. నేనేసినదాంట్లో లేవు. ఉల్లిగడ్డ మట్టిలో పెరుగుద్ది, దానికి ఉండవు."

ఆఫీసరు బొమ్మ వైపు ఒక్కసారి చూశాడు. "అంటే కాపీ కూడా సరిగ్గా కొట్టలేకపోయావన్నమాట."

గదంతా నవ్వింది. చీటీలు పంచిన మాస్టారూ నవ్వాడు. ఆమెకు కళ్లలో నీళ్లు కూడా రాలేదు. చూపించిన చోట సంతకం పెట్టింది.

పరీక్షలన్నీ రద్దు చేశారు. ఏడాదిపాటు మళ్లీ రాయకూడదన్నారు. నజ్మీన్ తనే పరీక్షల బోర్డుకు ఒక ఉత్తరం రాసి పంపింది, జవాబు రాలేదు. టీచరు పోస్టు శ్రీరమ్య అనే డిగ్రీ అమ్మాయికి దక్కింది. "కాపీ కేసున్న మనిషివి. ఆయాగా ఉంచడమే ఎక్కువ," అంది సూపర్వైజరమ్మ.

ఏడాది గడిచాక నజ్మీన్ వచ్చి, ఈసారి ఫీజు కట్టమంది.

"రాస్తే పాసవుతానండీ," అంది కోటేశ్వరి, గిన్నె తోముతూనే. "అప్పుడు కూడా చూసి రాసిందనే అంటారు."

గడువు దాటిపోయింది. ఆమె కట్టలేదు.