మూడు బ్యాటరీల మేధావి

కాలేజీ మెట్లెక్కనివ్వని లోకం మీద లెక్కలయ్యకి పీకలదాకా కోపం. దానికి బుద్ధి చెప్పాలని కనపడ్డ పుస్తకమల్లా చదివేవాడు. లోకం మాత్రం ఇంకా గమనించలేదు. ఈలోగా అక్క ఇంట్లో, అక్క వండింది తింటూ కాలక్షేపం చేస్తున్నాడు.

అక్క ముందుగదిలో కరెంటు పెట్టెలో గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని అమ్ముతుంది. కరెంటు పోయి పెట్టె చల్లబడితే గుడ్లు గుడ్లుగానే మిగిలిపోతాయి. అందుకే డాబా మీద సోలార్ పెట్టించాలనుకుంది. ఎంత బ్యాటరీ కావాలో తేల్చే పని తమ్ముడు తనంతట తనే నెత్తికెత్తుకున్నాడు.

లావుపాటి పుస్తకం ఒకటి నమిలేశాడు. మూడు రోజులు మబ్బు పట్టినా ఇల్లంతా వెలగాలని మూడు బ్యాటరీలు తెప్పించాడు. ప్యానెల్ ఒక్కటే. వాటిని నింపడానికి ఎన్ని ప్యానెళ్ళు కావాలో చెప్పే అధ్యాయాన్ని, ఇది మామూలు జనానికిలే అని దాటేశాడు.

గుడ్లు పగిలి పిల్లలు రావాల్సిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది.

"మూడు రోజులు నిశ్చింతగా ఉండక్కా," అన్నాడు.

పొద్దు వాలకముందే ఇన్వర్టర్ కుయ్యోమొర్రో అంది. అప్పుడే లారీ దిగి వచ్చిన బావ మీటరు వంక చూశాడు.

"బిందెలు మూడు కొన్నావు సరే బావమరిదీ, కుళాయి ధార చూశావా? ఏ రోజు పట్టింది ఆ రోజే తాగేస్తుంటే ఎప్పుడు నిండుతాయి?"

"పుస్తకంలో ఏముందంటే బావా..."

"నిండు కుండ తొణకదంటారు. నీ బ్యాటరీలూ నువ్వూ తెగ తొణుకుతున్నారు."

"మీ మాటలకి గుడ్లు వేడెక్కవు," అంది అక్క. "ఒరేయ్, పెట్టె తప్ప అన్నీ ఆపెయ్."

ఫ్యాన్లు ఆపాడు. ఫ్రిజ్ ఆపాడు. ఆఖరికి పగలూ రాత్రీ వెలిగే తన కంప్యూటరూ, తన దీపమూ, తన టేబుల్ ఫ్యానూ ఆపాడు. అప్పుడుగాని ఇన్వర్టర్ నోరు మూయలేదు. ఇంట్లో గుడ్లకంటే ఎక్కువ కరెంటు తాగుతున్నది తన మేధస్సేనని లెక్క కట్టకుండానే తేలిపోయింది.

చీకటి పడేసరికి ఇంట్లో పెట్టెలో బల్బు ఒక్కటే మిగిలింది. అక్క పెట్టె పక్కన చెయ్యి పెట్టి చూసింది.

"పెట్టె తలుపు సందులోంచి వేడి పోతోందిరా. ఆ పుస్తకం ఇటివ్వు."

ఇచ్చాడు. సందుకి ఆనించింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. అతని లెక్కల్లో అంత చక్కగా కుదిరింది అదొక్కటే.

కాసేపటికి లోపల చిటుక్కుమంది. పెంకు చీల్చుకుని చిన్న ముక్కు బయటికొచ్చింది.

"బతికాం," అంది అక్క.

"పుస్తకం మంచిదే బావమరిదీ," అన్నాడు బావ. "ఇంకాసేపు తియ్యకు."