మణికట్టుకు మూడు చుట్లు

“ట్రైనింగ్ ఇవ్వకుండా ఒక్కరి చేత కూడా తాడు ముట్టించను, పూచీ నాది!” మొదటిరోజు మా కాంట్రాక్టరు అన్న మాట ఇది. ట్రైనింగ్ ఇంతవరకూ లేదు. ఈలోగా నేనేం నిర్వాకం చేశానో వినండి. మీరు నవ్వుకోవచ్చు. ఖాదర్ భాయ్ ముందు మాత్రం వద్దు.

మాది ఐరాల దగ్గర పల్లె. ఇప్పుడు సూళ్లూరుపేటలో రూము, రోజూ రైలెక్కి వెళ్లి రేవులో పని. ఓడ గట్టుకు చేరగానే పైనుంచి సన్నతాడు విసురుతారు. దాన్ని లాగితే వెనకాలే తొడంత లావు తాడు వస్తుంది. దాన్ని గట్టు మీది ఇనుప గుంజకు తగిలించాలి.

ట్రైనింగ్ లేదు కనుక నేనే పుస్తకాలు చదివి పాఠాలు మొదలుపెట్టాను. ఆరోజూ సన్నతాడు లాగుతూనే అరుస్తున్నాను: “కామ్రేడ్స్, తాడు చుట్టలో కాలు పెట్టొద్దు! శ్రామికుడి ప్రాణం చౌక కాదు!”

“కాళ్లు సరే, నీ చెయ్యి సూడబ్బా!” అని కేకేశాడు ఖాదర్ భాయ్. చిత్తూరు మనిషి, మా గ్యాంగులో పెద్ద.

చూసుకుంటే తాడు నా మణికట్టుకు మూడు చుట్లు! ఎద్దు పలుపు పట్టుకుంటే అలాగే చుట్టుకోవాలని చిన్నప్పుడు నాయన నేర్పాడు. ఎద్దు అదిలిస్తే ఆగుతుంది. ఓడకు నా అదిలింపు ఏం వినిపిస్తుంది? గాలికి అది కాస్త జరిగింది. నేను బోర్లాపడ్డాను, తాడు నన్ను గట్టు అంచు దాకా ఈడ్చుకుపోయింది. ఖాదర్ భాయ్ పరుగున వచ్చి, చుట్ల కింద వేళ్లు దూర్చి విప్పాడు. నా చెయ్యి బయటపడింది. ఆయన రెండు వేళ్లు తాడుకూ గట్టు అంచుకూ మధ్య నలిగిపోయాయి. డాక్టరు వాటిని తీసేశాడు.

“జరిగింది రాసియ్యి” అన్నాడు సూపర్‌వైజరు. ఆత్మవిమర్శ చేసుకోలేనివాడు లోకాన్నేం మారుస్తాడు! రెండు పేజీలు రాశాను. తప్పంతా నాదేనని, ఖాదర్ భాయ్ ఎవరూ చెప్పకుండానే వచ్చాడని!

కాంట్రాక్టరు దాన్ని జిరాక్స్ తీయించి మా గ్యాంగు ముందు ఊపాడు. “ట్రైనింగ్‌దేం తప్పు లేదని మీవాడే రాసినాడు కదా. ఖాదర్‌ను ఎవరు పొమ్మన్నారు? ఇంక పనికి రావద్దను.”

ఈ కబురు ఆస్పత్రికి మోసుకెళ్లినవాణ్నీ నేనే. ఖాదర్ భాయ్ కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. “వేళ్లు తాడు తీసుకునింది. ఉద్యోగం నీ పెన్ను తీసుకునింది. ఇంకేమన్నా మిగిలుండాదా అప్పా?”

“ఈసారి ఏం రాయాలో నువ్వే చెప్పు భాయ్” అని పెన్ను తీశాను.

నిన్న కాంట్రాక్టరుకు ఆ రెండో కాగితం ఇచ్చాం. ఆయన చెప్పాడు, నేను రాశాను. రెండే ప్రశ్నలు. ట్రైనింగ్ ఎప్పుడు? ఖాదర్‌ను పనిలోకి ఎప్పుడు తీసుకుంటారు? చివర్లో ‘లేదంటే సమ్మె, చరిత్ర మిమ్మల్ని క్షమించదు’ అని చేర్చబోతే, మిగిలిన వేళ్లతో పెన్ను పట్టి ఆపాడు.

“చాలబ్బా, తేదీ వెయ్.”

వేశాను. జవాబు ఇవ్వాల్సిన గడువు: ఈ నెల ఇరవై.