మామయ్య పూర్తిచేయని పాఠం

మా వీధిలో, నా చిన్నప్పుడు, పుస్తకాల సంచి తగిలించుకుని చదువుకు వెళ్లేవాళ్లందరిలోకీ పెద్దవాడు మా పక్కింటి మామయ్య. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, మాచర్ల వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబులో పదేళ్లు పనిచేసి, ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి నరసరావుపేటలో బీఈడీలో చేరాడు. మాకు చుట్టమేమీ కాదు. గోడ ఇవతలి వాళ్లం కాబట్టి నాకు ఆయన మామయ్య, ఆయన భార్య అత్తయ్య.

గురజాల దగ్గరి మా ఊళ్లో ఎదురైన ప్రతివాళ్లూ ఆయన్ని ఒకటే అడిగేవారు. "చదివిన చదువు ఉండగా మళ్లీ బళ్లో చేరటమేందయ్యా?" ఆయన నవ్వి ఊరుకునేవాడు. అత్తయ్య ఊరుకునేది కాదు. పొద్దున్నే ఆయన బస్సుకు బయలుదేరుతుంటే, "పలక పెట్టుకున్నావో లేదో చూసుకో" అని వీధంతా వినేలా కేకేసేది. అలా అంటూనే క్యారేజీ మూత గట్టిగా బిగించి చేతికిచ్చేది. ఉద్యోగం ఎందుకు మానేశావని నేనూ ఒకసారి అడిగాను. గంటగంటకీ వచ్చే పొడిలో ఏముందో పదేళ్లు కాగితాల మీద రాశానని, 'ఇది ఇట్లా ఎందుకుంది' అని అడిగిన మనిషి ఒక్కడూ తగల్లేదని చెప్పాడు.

బీఈడీ చివర్లో ఫైనల్ లెసన్ అని ఒక పరీక్ష ఉంటుంది. నిజమైన తరగతిలో పాఠం చెప్పాలి. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి వెనక కూర్చుని మార్కులు వేస్తాడు. మామయ్యకు మా హైస్కూలే, అందులోనూ మా ఆరో తరగతే పడింది. పాఠం బాష్పీభవనం, అంటే నీరు ఆవిరైపోవడం. ఆ పరీక్ష పోతే మళ్లీ ఏడాది ఆగాలి. అంత ఓపిక ఆ ఇంట్లో మిగల్లేదని గోడ ఇవతల ఉన్న మాకు కూడా తెలుసు.

పది రోజులు ఆయన తన వరండాలో నన్నొక్కణ్నే కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. క్లాసులో నేను ఫస్టు. ఆయన లెసన్ ప్లానులో పద్నాలుగు ప్రశ్నలుంటే, పద్నాలుగు జవాబులూ నంబర్లు వేసి నోటుబుక్కులో రాసుకున్నాను. అడిగినప్పుడు తరగతి నోరు మెదపకపోతే ఆయన నా వైపు చూడాలి, నేను చెయ్యెత్తాలి. అదీ మా ఒప్పందం. రాను రాను అది ఆయన పరీక్షో నా పరీక్షో నాకే తెలియకుండా పోయింది.

ముందురోజు సాయంత్రం, పాఠంలో చూపించడానికి మిరపకాయలు కావాలని ఇద్దరం ఊరి బయట కల్లాల దగ్గరికి వెళ్లాం. కోసిన కాయను నేల మీద ఎర్రగా పరిచి ఎండబెడుతున్నారు. మామయ్య వంగి, రంగు చూసి, బాగా ఎండినవనుకుని నాలుగు కాయలు ఏరాడు. పక్కన కాళ్లతో కాయలు తిరగేస్తున్న పిల్ల కిసుక్కున నవ్వింది. మా క్లాసు పిల్లే. కోతల కాలంలో వారానికి రెండు రోజులు బడికి వస్తే గొప్ప. వచ్చినా చివరి వరుసలో కూర్చునేది. హాజరు పలకడానికి తప్ప నోరు తెరవగా నేను వినలేదు.

"అయ్యి ఎండలా సార్."

"ఇంత ఎర్రగా ఉంటేనా?"

"రంగుదేముంది సార్!" అని ఒక కాయ తీసి, తన చెవి దగ్గర ఒకసారి, ఆయన చెవి దగ్గర ఒకసారి ఊపింది. "గింజ పలకట్లా. ఇంకో ఎండ తగిలితే పలుకుద్ది."

"ఒసేయ్, సార్‌తో ఆ మాటలేందే!" అని వాళ్లమ్మ అవతలి నుంచి కసిరింది.

పదేళ్లు తేమ శాతాలు కొలిచిన మనిషి ఆ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి, రేపు ఒక్కపూట పిల్లను బడికి పంపమని అడిగాడు. కాయ తిరగేసే దిక్కులేదు సార్ అందామె. "దానిదేముందమ్మా, మా ఆవిడొచ్చి తిరగేసుద్ది" అన్నాడు మామయ్య. ఆ సంగతి అత్తయ్యకు ఇంటికి వెళ్లాక తెలిసింది. ఆమె ఏమందో గోడ ఇవతలికి బాగానే వినపడింది. కానీ మర్నాడు పొద్దున నేను బడికి వెళ్తుంటే, అత్తయ్య తలకు తువ్వాలు చుట్టుకుని కల్లం దారి పట్టి కనిపించింది.

తరగతిలో మామయ్య తెల్లచొక్కా వేసుకుని, రెండు కాయలు పైకెత్తి చూపించాడు. రెండూ ఎర్రగానే ఉన్నాయి. "వీటిలో ఎండింది ఏదో ఎట్లా చెప్తారు?" అని అడిగాడు. అది పద్నాలుగింటిలో లేదు. అయినా నేను చెయ్యెత్తేశాను. నిన్న పక్కనే ఉన్నాను కదా, జవాబు నాకు తెలుసు. ఆయన నన్ను చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు.

చివరి వరుసలో ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. నాది తప్ప ఇంకో చెయ్యి లేవలేదు. వెనక పరీక్షాధికారి గడియారం చూసుకున్నాడు. మామయ్య మళ్లీ అడగలేదు, ఎవరి పేరూ పిలవలేదు. మెల్లగా నడిచి వెళ్లి ఆ పిల్ల ముందు రెండు కాయలూ పెట్టి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నా చెయ్యి నొప్పెట్టింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని అలాగే ఎత్తి ఉంచాను. పరీక్షాధికారి ఈసారి గడియారం చూసి ఏదో రాసుకున్నాడు.

అప్పుడు ఆ పిల్ల కాయ తీసి ఊపింది. రెండోది కూడా ఊపింది. "ఇది ఎండింది సార్. ఇది ఎండలా, గింజ పలకట్లా."

"ఎందుకు పలకట్లేదు?"

"లోపల తడుంది. గింజ అతుక్కుపోయింది."

"ఆ తడి ఏమవుద్ది?"

"ఎండకి పోద్ది."

"యాడికి?"

ఆ ఒక్కమాటతో తరగతి లేచింది. గాల్లోకని ఒకడు, మబ్బుల్లోకని ఒకడు, కల్లంలో తుమ్ములొచ్చేది అందుకేనా సార్ అని ఇంకొకడు. మామయ్య అందరికీ బదులు చెబుతూ పోయాడు. గంట కొట్టేసరికి పద్నాలుగు ప్రశ్నల్లో ఐదే అయ్యాయి. బాష్పీభవనం నిర్వచనం బోర్డు మీదికి ఎక్కనే లేదు.

ఇంటికి వచ్చే దారిలో నేను ఆయనకు నాలుగడుగులు ముందే నడిచాను. వీధి మలుపులో ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. "నాకు తెలుసుగా, నన్నెందుకు అడగలా?"

ఆయన చార్టులు కింద పెట్టి నా ముందు కూర్చున్నాడు. "నీకు తెలుసని నాకూ తెలుసురా. నిన్నడిగితే నాకు మార్కులొస్తయ్. ఆ పిల్లకేమొస్తది?" మళ్లీ తనే, "నాకూ చానా భయమేసింది. ఆ పిల్ల నోరు తెరిచేదాకా చేతులు వెనక్కి పెట్టుకుని లోపల అంకెలు లెక్కబెట్టా. నలభై ఏడు దాకా వచ్చినయ్" అన్నాడు.

మామయ్య పాసయ్యాడు, అత్తెసరు మార్కులతో. రికార్డులో పరీక్షాధికారి ఒకటే వాక్యం రాశాడు: పాఠం పూర్తి కాలేదు. ఆ పిల్ల మర్నాడు బడికి రాలేదు, కల్లంలోనే ఉంది. వచ్చిన రోజుల్లో మాత్రం చివరి వరుస వదిలి మూడో వరుసలో కూర్చోవడం మొదలుపెట్టింది.

నేను తర్వాత ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఆరేళ్లు పంపుల డ్రాయింగులు గీశాను. పోయినేడు ఆ ఉద్యోగం వదిలేద్దామా అని కాగితం మీద రెండు వరుసలు రాసుకున్నాను. వద్దు అనే వైపు పదకొండు కారణాలు తేలాయి. సరే అనే వైపు ఒక అంకె మాత్రం రాయగలిగాను: నలభై ఏడు. ఇప్పుడు బీఈడీ చదువుతున్నాను. "బీటెక్ చేసి ఇదేందిరా" అనేవాళ్లకు మామయ్యలాగే నవ్వి ఊరుకుంటున్నాను.

మొన్న నా ప్రాక్టీసు పాఠం చూసిన మాస్టారు కూడా నా రికార్డులో పాఠం పూర్తి కాలేదనే రాశారు. మామయ్యకు ఫోన్ చేసి చదివి వినిపించాను. మార్కులెన్నని ఆయన అడగలేదు.

"ఎందాకా లెక్కబెట్టినవ్?"

"ముప్పై ఒకటి."

"ఇంకో పదహారు చేతిలో ఉన్నయ్ గదరా, అప్పుడే దిగులేంది!"

ఇప్పుడు ప్రశ్న అడగ్గానే నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్తాయి. ముందు వరుసలో ఎవడో ఒకడు చెయ్యెత్తి, నొప్పి ఓర్చుకోలేక రెండో చేత్తో పట్టుకుని ఉంటాడు. వాడి కోపం ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి వాణ్ని చూసి చిన్నగా నవ్వుతాను. తర్వాత చివరి వరుస వైపు తిరిగి, ఒకటి నుంచి మొదలుపెడతాను.