వెనక్కి నడిచే ఎడ్లు

ఉద్యోగంలో రిటైరయ్యాక నేను మొయినాబాద్‌లో కంప్యూటర్ బొమ్మల క్లాసులో చేరాను. సినిమాల్లో బొమ్మలు ఎట్లా కదులుతాయో, వాటిని కంప్యూటర్ మీద ఎట్లా చేస్తారో అక్కడ నేర్పుతారు. నా పక్కన కూర్చునేవాళ్లంతా మనవరాళ్ల ఈడు పిల్లలు. బంతిని ఎగిరించడం అయ్యాక మనిషిని నడిపించడం మొదలుపెట్టాం. పాఠం చెప్పే అబ్బాయి, "తిరిగొచ్చే నడక మల్ల గీసుడు అవసరం లేదు మేడమ్. కాపీ చేసి రివర్స్ కొట్టండి, సగం పని మిగుల్తది" అన్నాడు. పిల్లలందరూ టకటకా అదే చేశారు. నేను మౌస్ మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఆ సలహా నాకు కొత్త కాదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు చేవెళ్ల గ్రంథాలయంలో ఒక పుస్తకం నాకు అదే మాట చెప్పింది.

అప్పుడు నేను పట్నంలో హాస్టల్లో ఉండి పీయూసీ చదువుతున్నాను. సమ్మెలతో కాలేజీ మూతపడింది, హాస్టల్ ఖాళీ చేయమన్నారు. ఒళ్లంతా 'జై తెలంగాణ' అని రాసి ఉన్న బస్సులో ఇనుప పెట్టె ఒళ్లో పెట్టుకుని సురంగల్‌లోని మా ఇంటికి వచ్చేశాను. మాది తాతల నాటి నుంచి చర్చికి పోయే ఇల్లు. కొంచెం భూమి, ఒక మోట బావి, రెండు ఎడ్లు ఉండేవి.

బాపు వానకాలం అంతా ఓపిక పట్టాడు. ఒకరోజు అన్నం తింటూ మెల్లగా అన్నాడు.

"చదువు మల్ల ఎప్పుడు షురువైతదో ఎవ్వలికి ఎర్క లేదు. దవాఖానల నర్సు ట్రైనింగుకు పిల్లలను తీసుకుంటున్నరంట. పాస్టరమ్మ చెప్పింది. కోతల పండుగ అయినంక పోదువు తీ."

"రక్తం చూస్తె నాకు కండ్లు తిరుగుతయి బాపు."

"అలవాటైతది."

"నాకు బొమ్మలు గీసుడు నేర్చుకోవాలని ఉన్నది. పట్నంల దానికి వేరే కాలేజీ ఉన్నది."

బాపుకు కోపం రాలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు, "బొమ్మలు గీస్తె ఏమైతది బిడ్డా?" అన్నాడు.

జవాబు లేనప్పుడల్లా నేను గ్రంథాలయానికి పోయేదాన్ని. ఇప్పటికీ అంతే.

చేవెళ్ల గ్రంథాలయం అంటే కిరాయికి తీసుకున్న ఒక పెద్ద గది. రెండు బల్లలు, పేపర్ల కోసం వచ్చే మగవాళ్లు. తెలుగు పుస్తకాలు నేను అంతకుముందే చాలామట్టుకు చదివేశాను. కింది అరలో ఎవరూ ముట్టని ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవి. వాటిలో ఒకటి, తెర మీద బొమ్మలు ఎందుకు కదిలినట్టు కనిపిస్తాయో చెప్పే పుస్తకం. లైబ్రరీ ఆయన దాని మీది దుమ్ము దులిపి నవ్వాడు.

"ఇది కతల పుస్తకం గాదు పిల్లా. రేపే వాపస్ తెస్తవ్ సూడు."

"చదివే తెస్త."

డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఒక బొమ్మ మాయమైనా క్షణం పాటు కన్ను దాన్ని వదలదట. ఆ లోపల రెండో బొమ్మ వస్తే, కొంచెం జరిగి ఉంటే, మనకు కదలిక కనిపిస్తుందట. పంతులెవరూ చెప్పకుండా ఆ సంగతి నాకు నేనే తెలుసుకున్నానని ఎంత పొంగిపోయానో! ఆ రోజు బస్సు రాకపోతే చాలా దూరం నడిచాను, అలసట తెలియలేదు.

పుస్తకంలో ఒక చక్రం చేసే పద్ధతి ఉంది. అట్టతో డప్పు ఆకారంలో గుండ్రటి గోడ కట్టాలి, దానికి పొడుగ్గా సన్నటి చీలికలు కోయాలి, లోపలి వైపు బొమ్మల పట్టీ అంటించాలి. చక్రం తిప్పి చీలికల్లోంచి చూస్తే బొమ్మలు కదులుతాయి. అన్న మూలకు పడేసిన సైకిల్ ముందు చక్రాన్ని పీట మీద పడుకోబెట్టి బిగించాను. వదిన తన చీరల డబ్బా అట్ట ఇచ్చింది. దానికి నల్లగా మసి పూశాను.

"గీ ఎవ్వారమంతా ఎందుకు మరదలా? పెండ్లి పిలగాన్ని తిప్పుతవా ఇండ్ల?" అన్నది వదిన.

పుస్తకంలో ఊయల ఊగే పాప బొమ్మలు ఉన్నాయి. నేను మా మోట గీయాలనుకున్నాను. బాపు రోజూ చూసేదే కదలాలి, అప్పుడే ఆయన ప్రశ్నకు జవాబు. మోట చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. ఎడ్లు ఏటవాలు దారిలో కిందికి నడుస్తుంటే, వాటి కాడికి కట్టిన లావు తాడు, అంటే మోకు, లాగడంతో నీళ్లతో నిండిన తోలు బొక్కెన బావిలోంచి పైకి వస్తుంది. నీళ్లు తొట్టిలో పడి కాలువకు పారతాయి. తర్వాత ఎడ్లు వెనక్కి నడుస్తూ పైకి ఎక్కుతాయి, ఖాళీ బొక్కెన బావిలోకి దిగుతుంది.

ఎడ్లు కిందికి పోయేవరకు గీశాను. తిరిగి రావడానికి ఏం చేయాలో పుస్తకంలోనే ఉంది: గీసిన బొమ్మలనే తిరగేసి పెట్టమంది. ఊయల పాపకు అట్లాగే చేశారు. ఎడ్లు ఎట్లాగూ వెనక్కే కదా నడిచేది! పుస్తకం నా కోసమే రాసినట్టనిపించింది. అవే బొమ్మలను వెనుక నుంచి ముందుకు మళ్లీ దించి పట్టీ అంటించాను. తిప్పి చూశాను. ఎడ్ల కాళ్లు కదిలాయి. కాళ్లు తప్ప ఇంకేదీ చూడలేదు నేను.

కోతల పండుగ నాడు ఆరాధన అయ్యాక, అందరూ తెచ్చిన తొలి పంట చర్చి ముందు పెట్టి హరాజు, అంటే వేలం, పాడతారు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్లు. ఒకసారి దేవుని ముందు పెట్టిన వస్తువు మనది కాదు. మనకే కావాలంటే మనమూ పాడుకోవాల్సిందే. నేను చక్రాన్ని అందరికీ చూపిద్దామని తెచ్చి, ఆలోచించకుండా గుమ్మడికాయల పక్కన దించాను.

అందరూ చుట్టూ మూగారు. వదిన ముందుగా చీలికకు కన్ను ఆనించింది. నేను తిప్పాను.

"అయ్యో, ఎడ్లు నడుస్తున్నయే! నిజంగనే నడుస్తున్నయి!" అని అరిచింది. అంతలోనే ఆగింది. "పిల్లా, నీళ్లు ఎటు పోతున్నయే?"

"ఎటు పోతయి? కాలువకు."

"కాలువకు పోయి మల్ల వస్తున్నయి గదనే! కాలువలకెల్లి లేచి బొక్కెనల పడి బాయిలకు దిగుతున్నయి!"

నేనూ వంగి చూశాను. నిజమే. పారిన నీళ్లు వెనక్కి లేచి బొక్కెనలో దూరుతున్నాయి. నిండు బొక్కెన బావిలోకి దిగుతోంది. ఒకరి తర్వాత ఒకరు చూసి కడుపులు పట్టుకుని నవ్వారు. హరాజు పాడించే చర్చి పెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "దేవుని ముంగట పెట్టింది గద, ఇది గూడ పాడాల్సిందే" అన్నాడు.

"నాకియ్యండి!" అన్నాడు ఒక రైతు. "మా బాయి ఎండకాలంల ఎండుతది. దీన్ని తిప్పి కాలువ నీళ్లన్ని వాపస్ నింపుకుంట!"

మళ్లీ నవ్వులు. చక్రం ఎవరి చేతికో పోతుంది, నేను దవాఖానకు పోతాను, అంతే అనుకున్నాను.

బాపు అప్పుడే ఒక కోడిపుంజును పాడుకుని చంకలో పెట్టుకుని ఉన్నాడు. దాన్ని తెచ్చి చర్చి పెద్ద ముందు పెట్టాడు. "ఇది మల్ల దేవునికే. ఆ చక్రం నాకియ్యి."

"పలావు పాయె గదయ్యా!" అన్నారెవరో. ఎదురు ఎవరూ పాడలేదు.

ఇంటిదాకా బాపు చక్రాన్ని భుజాన మోశాడు. గుమ్మం దగ్గర దించి, "పొద్దుగాల బాయికాడికి రా. కాయితాలు తెచ్చుకో" అన్నాడు.

పొద్దున మోట కట్టాడు. ఎడ్లు కిందికి దిగాయి, నీళ్లు పారాయి. వెనక్కి ఎక్కేటప్పుడు రెండడుగులకొకసారి "హో" అని ఆపాడు. నేను గీసేదాకా ఎడ్లు అట్లాగే నిలబడ్డాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే, కానీ ఆ రోజే చూశాను. కిందికి పోయేటప్పుడు తలలు వంచి మెడతో లాగుతాయి. వెనక్కి వచ్చేటప్పుడు తలలు పైకెత్తుతాయి, వెనుక కాలు నేలను తడిమి గానీ ఆనదు. మోకు వదులవుతుంది. కిందికి పోయేటప్పుడు మోకు మీద కూర్చునే బాపు, వెనక్కి వచ్చేటప్పుడు దిగి పక్కన నడుస్తాడు. వీటిలో ఒక్కటి కూడా నా పట్టీలో లేదు. ఆగి ఆగి తోలడం వల్ల ఆ పొద్దు మడి తడవడానికి చాలా ఆలస్యమైంది.

కొత్త పట్టీ గీయడానికి వారం పైనే పట్టింది. బాపు పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వాకిట్లో చక్రం ముందు గొంతుకూర్చున్నాడు. తిప్పాను. చక్రం నిలిచిపోయే దాకా కన్ను తీయలేదు.

"కర్రెద్దు మనదేనే" అన్నాడు నల్ల ఎద్దును గుర్తుపట్టి. "ఎనుకకొచ్చేటప్పుడు అది గట్లనే తల ఎగరేస్తది." నా వైపు తిరిగి, "పాస్టరమ్మకు నేను చెప్పుకుంట తీ. కాలేజీలు తెరిచినంక ఆ బొమ్మల దానికే పో" అన్నాడు.

నేను ఏదో అనబోయాను. ఆయన మళ్లీ చీలికకు కన్ను ఆనించాడు.

"ఇంకొక్కపారి తిప్పు బిడ్డా."