బురుజెక్కిన సున్నాలమ్మ

కోట మరమ్మతు పనిలో అందరూ ఆమెను సున్నాలమ్మ అనేవారు. గానుగ తిప్పి సున్నం నూరడం, తట్టలో నెత్తిన మోసి మొగుడు మేస్త్రీకి అందించడం, ముప్ఫై ఏళ్లుగా అదే పని. సరదాకి తాపీ ముట్టుకున్నా ఆ మహానుభావుడు కస్సుమనేవాడు. "ఆడదాని చేత్తో కోటగోడ నిలుస్తుందా? పో, సున్నం కలుపు!" అనేవాడు. ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు పడమటి బురుజు ఉబ్బింది. రాళ్లు విప్పి, ఏ రాయి ఎక్కడిదో మళ్లీ అక్కడే పేర్చాలి. ఒక్కటి తారుమారైనా పనిలోంచి తీసేస్తానని ఇంజనీరు ముందే చెప్పాడు. అందుకే రాయి రాయికీ గుర్తు వెయ్యాలి. "రంగుతో వెయ్యవయ్యా, సుద్ద నిలవదు" అంది సున్నాలమ్మ. "నాకే నేర్పుతావా?" అని మేస్త్రీ పంతానికి సుద్దతోనే గీశాడు. రాళ్లన్నీ కిందికి దించిన రాత్రే, ఒక్క జడివానకు గుర్తులన్నీ కొట్టుకుపోయాయి.

తెల్లారి రాళ్లగుట్ట చూస్తే ఏ రాయి ఎక్కడిదో మేస్త్రీకి అంతుపట్టలేదు. తప్పు ఎవరి నెత్తినో రుద్దాలి కదా, పెళ్లాం ఉండనే ఉంది. "వానకి రాళ్ల మీద పట్టా కప్పకుండా గుర్రుపెట్టి పడుకున్నావు! నా పరువు తీశావు!" అని పదిమందిలో చిందులు తొక్కాడు.

సున్నాలమ్మ తట్టను నేలకేసి కొట్టింది.

"నోరుముయ్! ఆ రాళ్లు కిందికి మోసిందెవరు? నువ్వా, మీ తాతా? ఏది ఏ వరసదో నా నెత్తికి తెలుసు. కానీ గోడ మీద నేనుంటా. రాళ్లు నువ్వు మొయ్యి."

"మతి పోయిందా? జనం నవ్వుతారే!"

"నవ్వనీ. లేదంటే నువ్వే పేర్చుకో."

మేస్త్రీ పళ్లు నూరాడు, వానను తిట్టాడు, చివరికి తలపాగా చుట్టుకుని మొదటి రాయి ఎత్తుకున్నాడు.

సున్నాలమ్మ తాపీ పట్టి గోడెక్కింది. మొదటి రాయి వంకరగా కూర్చుంది. తిట్టుకుంటూ ఊడదీసి మళ్లీ పెట్టింది. మధ్యాహ్నానికి ఒక వరస పూర్తయింది. మేస్త్రీ గుండు దారం వేలాడదీసి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"పర్వాలేదు, నిలుస్తుంది" అని గొణిగాడు. పొంగిపోతుందనుకున్నాడు, పిచ్చోడు!

సున్నాలమ్మ కళ్ల వెంట నీళ్లు జలజలా రాలాయి. అవి సంతోషపు కన్నీళ్లు కావు, కోపం.

"ఇంతేనా?" అని అరిచింది. "ఈపాటి పని నాకు చేతకాదనా నా వయసంతా ఆ గానుగ చుట్టూ తిప్పించావు?"